గుబురమ్మ తడి వీపు

బండల మధ్య వాననీళ్ళు నిలిచే గుంటను కొండ ప్రాంతాల్లో దోన అంటారు. అలాంటి దోనలు ఏడు ఉన్నాయి కాబట్టి ఆ అడవికి ఏడుదోనల అడవి అని పేరు వచ్చింది. అందులో జింకలు, కుందేళ్ళు, అడవిపందులు, నెమళ్ళు, ఎలుగుబంట్లు, ముళ్ళపందులు ఉండేవి. ఒక్కో దోన దగ్గర ఒక్కో జాతి కాపురం, కుందేళ్ళకు మాత్రం రెండు దోనలు.

దోనకూ దోనకూ మధ్య పూటంతా నడిచేంత దూరం. దారి పొడుగునా రాళ్ళు, ముళ్ళపొదలు. వానాకాలంలో అయితే పచ్చిక కోసం అందరూ ఒకచోట చేరేవారు. ఎండలు ముదిరాయంటే ఎవరి దోన దగ్గర వాళ్ళే. నెలల తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు.

మరి కబుర్లు ఎలా తెలిసేవి అంటారా? దానికి రెండు గోరింకలు ఉండేవి. పొద్దు పొడవగానే అవి ఒక్కో దోన దగ్గరా వాలి, "ఈ రోజు ఏం చెప్పమంటారు?" అని అడిగేవి. చెప్పిన మాటను పొల్లుపోకుండా మిగతా ఆరు దోనల దగ్గరా వినిపించేవి. నిజమా, అబద్ధమా అని చూడటం గోరింకల పని కాదు. విన్నది మోయడమే వాటి పని.

విన్నవాళ్ళకు ఆ మాట నచ్చితే ఒక రేలపువ్వు కోసి గోరింకల ముక్కుకు అందించేవారు. గోరింకలు దాన్ని తెచ్చి మాట చెప్పినవాళ్ళ గుమ్మం ముందు పడేసేవి. పసుపు పచ్చటి పువ్వు. చూడటానికి ముచ్చటగా ఉండేది. మొదట్లో అది సరదా, అంతే.

తర్వాత ఎవరు మొదలుపెట్టారో గానీ, పువ్వులు లెక్కపెట్టడం మొదలైంది. నిన్న నాకు పదొచ్చాయి, ఈ రోజు ఆరే వచ్చాయేమిటి అని దిగులు పడటం మొదలైంది. దాంతో చెప్పే మాటలు మారిపోయాయి. ఒక గడ్డ తవ్వుకున్న అడవిపంది కోరన్న గుట్టనే పెళ్ళగించానని చెప్పాడు. నక్కను చూసి పొదలో నక్కిన కుందేలు, నక్కనే తరిమానని చెప్పింది. వినేవాళ్ళు పువ్వులు పంపారు. పంపినవాళ్ళూ మర్నాడు అలాంటివే చెప్పారు.

అందరికంటే ఎక్కువ పువ్వులు గుబురమ్మకు వచ్చేవి. గుబురమ్మ అంటే పడమటి దోన దగ్గరుండే ఎలుగుబంటి. ఒంటినిండా గుబురుగా పొడుగాటి నల్ల వెంట్రుకలు. మనిషి మంచిదే, అదే, ఎలుగు మంచిదే. పెద్ద మనసు, గట్టి చేతులు. కానీ పువ్వుల పిచ్చి పట్టుకుంది.

ఆమె దోన అన్నిటికంటే లోతైనది. ఎండల మొదట్లో ఒక రోజు ఆమె నిజంగానే మెడలోతు నీళ్ళలో స్నానం చేసి, నీళ్ళు కారుతూ ఒడ్డెక్కింది. అప్పుడే గోరింకలు వచ్చాయి.

"ఏం చెప్పమంటారు గుబురమ్మగారూ?"

"మెడలోతు నీళ్ళలో జలకాలాడానని చెప్పండి."

మండే ఎండలో ఆ మాట విని అడవంతా మురిసిపోయింది. ఆ రోజు ఆమె గుమ్మం ముందు నలభై పువ్వులు పడ్డాయి. నలభై అంటే ఆ అడవిలో అంతకుముందు ఎవరికీ రాలేదు. మర్నాటి నుంచి ఆమె రోజూ అదే మాట చెప్పింది. రోజూ గోరింకల కళ్ళకు ఆమె తడి వీపు కనిపించేది. దోనకు అడ్డంగా పెద్ద రాతిగుండు ఉండటం వల్ల నీళ్ళు మాత్రం కనిపించేవి కావు.

ఏడో దోన ముళ్ళపంది సూదవ్వది. ఆ దోన మాఘమాసంలోనే ఎండిపోయింది. సూదవ్వ వాగు ఇసుకలో చెలమ తవ్వుకుంది. చెలమ అంటే తెలుసుగా, ఇసుకలో లోతుగా గుంట తీస్తే నీళ్ళు మెల్లగా ఊరతాయి, అదే. గోరింకలు అడిగినప్పుడు సూదవ్వ ఉన్నది ఉన్నట్టు చెప్పేది.

"నీళ్ళు నిన్నటికంటే జానెడు దిగాయి. నేను జానెడు లోతు తవ్వాను. రోజుకు మూడు దోసిళ్ళు ఊరుతున్నాయి. ఈసారి అన్ని దోనలూ ఎండుతాయి. కాళ్ళలో బలం ఉండగానే అందరం కలిసి నదికి పోదాం. తూర్పు కొండ దాటితే నది ఉంది. నేను పోయి చూసి వచ్చాను."

ఈ మాటకు ఎన్ని పువ్వులు వచ్చాయో తెలుసా? ఒక్కటి కూడా రాలేదు. "పొద్దున్నే ఈ ఏడుపేమిటి?" అని కుందేళ్ళు విసుక్కున్నాయి. "ముసలిదానికి ఓపిక లేక చెలమ ఎండితే, అడవంతా ఎండినట్టేనా?" అని కోరన్న నవ్వాడు. సూదవ్వ మర్నాడు మళ్ళీ అదే చెప్పింది.

ఇక చుక్కమ్మ సంగతి. చుక్కమ్మ ఒక జింక. నడిమి దోన ఆమెది. ఆమెకు పదిహేను రోజుల కిందటే ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు మొలక. కాళ్ళు పుల్లల్లా ఉండేవి, కళ్ళు మాత్రం ఇంతింత. మొలక పుట్టిన వారానికే నడిమి దోన ఎండిపోయింది. చుక్కమ్మ ఆకుల మీది మంచు నాకి ఏడు రోజులు నెట్టుకొచ్చింది. ఎనిమిదో రోజు పొద్దున ఆమె పొదుగులో పాలు రాలేదు. మొలక కుడిచి కుడిచి, ఏమీ రాక, తల్లి మొహంలోకి చూసింది.

నీళ్ళు దొరక్కపోతే పిల్ల దక్కదని చుక్కమ్మకు అర్థమైంది.

ఆమె ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి సూదవ్వ దగ్గరికి పోవడం. అక్కడ ఉండేది మూడు దోసిళ్ళు. సూదవ్వే చెబుతోంది, దాపరికం లేకుండా. రెండోది పడమటి దోన. గుబురమ్మ రోజూ జలకాలాడే దోన. స్నానానికే అన్ని నీళ్ళు ఉంటే ఒక పిల్ల తాగడానికి ఉండవా? దూరం ఎక్కువే. వెళ్ళాక మళ్ళీ ఇంకోచోటికి నడిచే శక్తి మొలకకు ఉండదు. అయినా మూడు దోసిళ్ళెక్కడ, మెడలోతు నీళ్ళెక్కడ?

చుక్కమ్మ పడమటి దారి పట్టింది. మీరైనా అదే చేసేవారు.

పొద్దు వాలాక బయలుదేరి, పడుతూ లేస్తూ, తెల్లవారేసరికి వాళ్ళు గుబురమ్మ దోన పక్కనున్న పెద్ద గుండు దగ్గరికి చేరారు. మొలక అక్కడే చతికిలబడింది. చుక్కమ్మ గుండు పక్క నుంచి తొంగి చూసింది.



దోనలో నీళ్ళు లేవు. అడుగున బురద ఎండి పెచ్చులు లేచి ఉంది. ఒక మూల బండ పగులులో దోసెడంటే దోసెడు నీళ్ళు ఊరి ఉన్నాయి. వాటి ముందు గుబురమ్మ కూర్చుని ఉంది. డొక్కలు లోపలికి పోయాయి. పెదాలు పగిలి ఉన్నాయి.

గుబురమ్మ ఆ దోసెడు నీళ్ళూ రెండు చేతులతో ఎత్తింది. పాపం, తాగుతుంది కాబోలు అనుకుంది చుక్కమ్మ. గుబురమ్మ తాగలేదు. ఆ నీళ్ళు వీపు మీద పోసుకుంది.

అవును, పోసుకుంది. నేను పొరపాటున చెప్పడం లేదు. నాకు ఈ కథ చెప్పినవాళ్ళను నేనూ రెండుసార్లు అడిగాను. నాలుక పిడచకట్టుకుపోయిన ఎలుగుబంటి, ఉన్న ఆఖరి నీళ్ళు నోట్లో పోసుకోకుండా వీపు మీద పోసుకుని, బాగా కారేటట్టు చేత్తో రుద్దుకుంది. తర్వాత గుండు ఎక్కి, రోజూ గోరింకలు వాలే చెట్టుకొమ్మ వైపు వీపు పెట్టి నిలబడింది. ఇంతలో గోరింకలు వచ్చి కొమ్మ మీద వాలాయి.

"ఏం చెప్పమంటారు గుబురమ్మగారూ?"

"మెడలోతు నీళ్ళలో జలకాలాడానని చెప్పండి. ఈ రోజు నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయి, వణుకు పుట్టిందని కూడా చెప్పండి."

వీపు మీది నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా రాలుతున్నాయి. గోరింకలు చూశాయి, తల ఊపాయి, ఎగిరిపోయాయి.

"అక్కా," అంది చుక్కమ్మ.

గుబురమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, గుండు దిగింది. జింకను చూసింది, పిల్లను చూసింది.  ఈలోగా మొలక మెల్లగా లేచి, తూలుతూ వచ్చి, గుబురమ్మ వీపు మీది తడి వెంట్రుకలను నాకడం మొదలుపెట్టింది. నాకి నాకి, తడి అయిపోయాక, పొడి వెంట్రుకలను కూడా చప్పరించింది.

గుబురమ్మ కదలకుండా నిలబడిపోయింది.

"నువ్వు నీళ్ళు తాగి ఎన్ని రోజులైందక్కా?" అని అడిగింది చుక్కమ్మ.

"మూడు రోజులు."

"రోజూ దోసెడు ఊరుతున్నాయి కదా. అవైనా తాగచ్చుగా."

"తాగితే వీపు తడవదు కదా," అంది గుబురమ్మ.

 చుక్కమ్మ ఆ ఎలుగుబంటి మొహంలోకి చూసింది. అందులో వేళాకోళం లేదు. నిజంగా ఆమెకు అది సమాధానంలాగే అనిపిస్తోంది.

"నేనేం చేయను చెల్లీ," అంది గుబురమ్మ. "అందరి దోనలూ నిండుగా ఉన్నాయి. కోరన్న బురదలో పొర్లుతున్నాడట. నెమళ్ళు నీటిలో తమ నీడ చూసుకుని ఆడుతున్నాయట. నాదొక్కటే ఎండిందని ఎలా చెప్పుకోను? మీది కూడా ఒడ్డు దాటి పారుతోందని నిన్ననేగా విన్నాను."

చుక్కమ్మ తల వంచుకుంది. "మాది ఎండి ఎనిమిది రోజులైందక్కా."

"మరి ఒడ్డు దాటుతోందని చెప్పావే?"

"చెప్పాను," అంది చుక్కమ్మ. "మాదొక్కటే ఎండిందనుకున్నాను."

 అడవిలో ఇంకెన్ని దోనలు ఎండాయో అన్న అనుమానం ఇద్దరికీ వచ్చింది. ఇద్దరూ పైకి అనలేదు. అనడానికి భయమేసింది.

మొలక నేల మీద పడుకుని కళ్ళు మూసుకుంది. అది చూసి గుబురమ్మ లేచింది. ఎలుగుబంట్లు తమ పిల్లల్ని వీపు మీద మోస్తాయి. అలాగే మొలకను ఎత్తి వీపు మీద వేసుకుంది. "సూదవ్వ చెలమ దగ్గరికి పోదాం. ఆమె చెప్పింది నిజమే అయ్యుంటుంది. కానీ చెల్లీ, ఒట్టు వెయ్యి. ఇక్కడ చూసింది ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి."

పిల్ల ప్రాణం ఆమె వీపు మీద ఉంది. చుక్కమ్మ ఒట్టు వేసింది.

ఎండ ఎక్కింది. బండలు పెనంలా కాలుతున్నాయి. గుబురమ్మ అరికాళ్ళు బొబ్బలెక్కాయి. అయినా ఎక్కడా ఆగలేదు, పిల్లను దించలేదు. ఈ సంగతిలో ఆమెను ఎంత మెచ్చుకున్నా తక్కువే. దారిలో గోరింకలు ఆ రోజు పువ్వులు మోసుకొస్తూ ఎదురయ్యాయి.

"ఎక్కడికి గుబురమ్మగారూ, జింకపిల్లను ఎక్కించుకుని?"

"ఊరికే, షికారుకు," అంది గుబురమ్మ, రొప్పు దాచుకుంటూ. "అవ్వను చూసి చాలా రోజులైంది."

గోరింకలు వెంటనే ఆ కబురు అడవంతా చాటాయి. గుబురమ్మ షికారుకు బయలుదేరింది. జింకపిల్లకు వీపు మీద సవారీ. ఇంక పువ్వులే పువ్వులు. నడిచే గుబురమ్మ నెత్తి మీద, వీపు మీద, పడుకున్న మొలక మీద రేలపువ్వులు రాలాయి. పువ్వు తడిగా ఉంటుందేమోనని మొలక ఒకదాన్ని నోట్లో పెట్టుకుంది. అది వాడిపోయి ఉంది.

మధ్యాహ్నానికి వాళ్ళు చెలమ చేరారు. సూదవ్వ బయటకు వచ్చి చూసింది. ఎందుకు వచ్చారని అడగలేదు. చూస్తేనే తెలిసిపోతోంది. ముందు మొలకను చెలమ అంచుకు నెట్టింది. మొలక తాగింది. ఒక దోసెడు నీళ్ళు దాని కడుపులోకి పోయాయి. అది తల ఎత్తి తల్లిని చూసింది. తర్వాత చుక్కమ్మ తాగింది. చెలమలో ఇంకొక దోసెడు మిగిలింది.

"ఇది నీకు తల్లీ," అంది సూదవ్వ. "నువ్వే ఎక్కువ మోశావు. తాగు."

గుబురమ్మ వంగింది. అప్పుడే చుట్టూ పొదలు కదిలాయి. కోరన్న వచ్చాడు, వెనక అతని భార్య, ఐదుగురు పిల్లలు. కుందేళ్ళు వచ్చాయి. నెమళ్ళు వచ్చాయి. "ఊరికే ఇటు వచ్చాం," అన్నాడు కోరన్న. "గుబురమ్మ షికారు చూద్దామని," అన్నాయి కుందేళ్ళు. అందరూ ఆమెనే చూస్తున్నారు. కొమ్మ మీద గోరింకలు కూడా ఉన్నాయి.

గుబురమ్మ నీళ్ళను చూసింది. చుట్టూ ఉన్నవాళ్ళను చూసింది. నడుము ఎత్తి నిటారుగా నిలబడింది.

"నాకెందుకవ్వా?" అంది. "మా దోనలో మునిగేన్ని నీళ్ళు ఉన్నాయి. ఈ గుక్కెడు ఆ కుందేలు పిల్లలకు పొయ్యి."

నాకు ఒళ్ళు మండిపోతుంది ఈ మాట తలుచుకుంటే. నీళ్ళు మూతికి జానెడు దూరంలో ఉన్నాయి. అడిగి మరీ ఇస్తున్నారు. చుక్కమ్మ చెప్పబోయింది. ఒట్టు గుర్తొచ్చి నోరు మూసుకుంది. ఆ ఒట్టు తప్పి ఉంటే ఎంత బాగుండేది. సూదవ్వ గుబురమ్మ మొహంలోకి ఒక క్షణం చూసి, "మరొకసారి ఆలోచించుకో," అంది. గుబురమ్మ తల అడ్డంగా ఊపింది. రెండు కుందేలు పిల్లలు ఆ దోసెడూ తాగేశాయి. చెలమలో తడి ఇసుక మిగిలింది. మళ్ళీ ఊరడానికి రేపటి దాకా ఆగాలి.

గుబురమ్మ అందరికీ తల ఊపి పడమటి దారి పట్టింది. నాలుగు అడుగులు వేసిందో లేదో, కోరన్న పిల్లల వైపు తిరిగాడు.

"మునిగేన్ని నీళ్ళంట. విన్నారుగా. పదండి."

అంతే. పందులు కదిలాయి, కుందేళ్ళు కదిలాయి, నెమళ్ళు కదిలాయి. చంకలో పిల్లలు ఉన్నవాళ్ళు, కాళ్ళీడుస్తున్న ముసలివాళ్ళు, అందరూ గుబురమ్మ వెనకే. "నది ఇటు ఉంది నాయనలారా, ఇప్పుడు బయలుదేరితే రేపు పొద్దునకు చేరతాం," అని సూదవ్వ పిలుస్తూనే ఉంది. ఎవరూ తిరిగి చూడలేదు.

వాగు మలుపు దగ్గర వెనక అలికిడి విని గుబురమ్మ తిరిగి చూసింది.  అడవికి అడవే తన వెంట వస్తోంది.

"ఎక్కడికి మీరంతా?"

"నీ దోనకే," అన్నాడు కోరన్న.

వీళ్ళు అక్కడికి చేరేసరికి పొద్దు పోతుంది. అక్కడ ఎండిన బురద తప్ప ఏమీ ఉండదు. అక్కడి నుంచి వెనక్కి నడవగలిగేది ఎందరు? గుబురమ్మ కోరన్న ఐదుగురు పిల్లల్నీ ఒక్కొక్కరినే చూసింది. చివరిది అప్పటికే కూర్చుండిపోయింది.

"రావద్దు," అంది గుబురమ్మ. "అక్కడ నీళ్ళు లేవు."

కోరన్న నవ్వాడు. "ఇప్పుడేగా మునిగేన్ని ఉన్నాయన్నావు. నలుగురం బయలుదేరేసరికి ఇంకిపోయాయా?"

"లేవన్నా. నెల నుంచి లేవు. అబద్ధం చెప్పాను."

"తన స్నానానికి ఉంటాయి గానీ మన పిల్లల గొంతు తడపడానికి ఉండవట," అంది కోరన్న భార్య. "ఇంత పిసినారిదని అనుకోలేదు," అంది ఒక కుందేలు. ఒట్టు పక్కన పెట్టి చుక్కమ్మ ముందుకు పరిగెత్తి, "నిజమే, నా కళ్ళతో చూశాను," అని చెప్పింది. "నీ పిల్ల తాగేసింది కాబట్టి ఇప్పుడు మమ్మల్ని ఆపుతున్నావా?" అన్నారు ఆమెను. నెల రోజులు అబద్ధం చెబితే నమ్మినవాళ్ళు, ఒక్క నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు.

గుబురమ్మకు ఇంక ఏం చేయాలో తోచలేదు. ఆమె నేరుగా కోరన్న ఎదుటికి వెళ్ళి, మూతి అతని మొహానికి ఆనించినంత దగ్గరగా పెట్టి, నోరు తెరిచింది.

కోరన్న లోపలికి చూశాడు. నాలుక నల్లబడి, వాచి, మధ్యలో చీలి ఉంది. తడి అన్నదే లేదు. అతని నవ్వు ఆగిపోయింది.  తర్వాత, ఎవరూ అడగకుండానే, తన నోరు తెరిచాడు. అతని నాలుకా అలాగే ఉంది.

"బురదలో పొర్లుతున్నానన్నావు కదా," అంది అతని భార్య. ఆమెకు తెలియక కాదు. నలుగురిలో ఏదో ఒకటి అనాలని అంది. తర్వాత ఆమె కూడా నోరు తెరిచింది.

కుందేళ్ళు తెరిచాయి. నెమళ్ళు తెరిచాయి. పొదల వెనక నిలబడ్డవాళ్ళూ ముందుకు వచ్చి తెరిచారు. ఆ ఎండలో అడవిలోని జంతువులన్నీ నోళ్ళు తెరుచుకుని ఒకరి నాలుకలు ఒకరు చూసుకుంటూ నిలబడ్డాయి. ఒక్క నాలుక మీద కూడా తడి లేదు. ఏడు దోనలకు ఏడూ ఎండిపోయాయి. రోజుల తరబడి ఒక్కొక్కరూ తమదొక్కటే ఎండిందని సిగ్గుపడుతూ, మిగతావాళ్ళ నిండు దోనలకు పువ్వులు పంపారు. ఇంత ఘోరం ఎవరి ఊహకూ అందలేదు. ఏడవడానికి కూడా ఎవరి కళ్ళలోనూ నీళ్ళు రాలేదు.

"ఇప్పుడైనా నడుద్దామా?" అంది వెనకాలే పిలుస్తూ వచ్చిన సూదవ్వ.

అందరూ చెలమ దగ్గరికి తిరిగి వచ్చాక, గుబురమ్మను చూసి సూదవ్వ చెలమలోకి దిగి గోళ్ళతో తవ్వింది. తడి ఇసుక వచ్చింది, నీళ్ళు రాలేదు. "ఇందాకటి దోసెడు ఉంటే బాగుండేది," అంది సూదవ్వ మెల్లగా. 

ఆ సాయంత్రమే అందరూ తూర్పు కొండ వైపు బయలుదేరారు. ముందు సూదవ్వ. పడిపోయిన పిల్లను పక్కవాళ్ళు లేపారు. ఎవరికి ఎక్కడ నొప్పిగా ఉందో ఒకరికొకరు చెప్పుకున్నారు. గుబురమ్మ అందరికంటే వెనక నడిచింది. అరికాళ్ళ చర్మం ఊడింది. చుక్కమ్మ రెండుసార్లు ఆగి, "ఓపిక ఉందా అక్కా?" అని అడిగింది. "నువ్వు పిల్లను చూసుకో, నేను వస్తాను," అంది గుబురమ్మ.

తెల్లవారేసరికి కొండ అవతలి నుంచి నది చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వినగానే అందరూ ఉన్న శక్తి అంతా కూడదీసుకుని పరిగెత్తారు. గుబురమ్మ కూడా నాలుగడుగులు వేసింది. ఐదోది పడలేదు. వాలులో ఒక రాయికి ఆనుకుని కూలబడింది. వెనక ఎవరూ లేరు కాబట్టి ఎవరూ చూడలేదు.

పొద్దు పొడిచింది. అలవాటు ప్రకారం గోరింకలు వచ్చి రాయి మీద వాలాయి. "ఏం చెప్పమంటారు గుబురమ్మగారూ?" అని అడిగాయి.

గుబురమ్మ నది చప్పుడు వస్తున్న వైపు చూసింది.

"నిన్న అవ్వ నీళ్ళు ఇచ్చినప్పుడు నాకు చచ్చేంత దాహంగా ఉంది. వద్దన్నాను. అది చెప్పండి."

గోరింకలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. అంత చిన్న మాట, అలాంటి మాట అవి ఎప్పుడూ మోయలేదు. అయినా పొల్లుపోకుండా మోసుకెళ్ళాయి.

నది ఒడ్డున అందరూ దారి వదిలి సూదవ్వను ముందు తాగమన్నారు. ఆమె తాగాకే మిగతావాళ్ళు మూతులు పెట్టారు. మొలక పొట్ట తడిసేంత లోతుకు దిగి నిలబడింది. అప్పుడు గోరింకలు ఆ మాట చెప్పాయి. ఈసారి ఎవరూ రేలచెట్టు వైపు చూడలేదు. చుక్కమ్మ బుగ్గల నిండా నీళ్ళు పట్టుకుని వెనక్కి పరిగెత్తింది. కోరన్న నదిలో పడుకుని ఒళ్ళంతా తడుపుకుని, ఆ తడి మోసుకుంటూ పరిగెత్తాడు. కుందేళ్ళు ఆకు దొన్నెలు పట్టుకుని గెంతాయి.

వాళ్ళు వెళ్ళేసరికి గుబురమ్మ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. చుక్కమ్మ ఆమె నోట్లో నీళ్ళు పోసింది. ఆ నీళ్ళు దవడ పక్క నుంచి కారి నేల మీద పడ్డాయి. కోరన్న తన తడి వీపు ఆమె మూతికి ఆనించాడు. నాలుక కదలలేదు. కుందేళ్ళు దొన్నెలు వంచాయి. అవీ కారిపోయాయి.

"చాలు తల్లీ," అన్నాడు కోరన్న.

చుక్కమ్మకు ఆ మాట వినిపించలేదు. ఆమె మళ్ళీ నీళ్ళు తేవడానికి నదికి వెళ్ళింది.

నీతి: మెప్పు కోసం లేనిది ఉన్నట్టు చూపిస్తే, మనకు నిజంగా కష్టం వచ్చిందని ఎవరికీ తెలియదు. ఉన్నది ఉన్నట్టు, వేళ మించకముందే చెప్పుకున్నవారికే సాయం అందుతుంది.